డెబ్బై రెండు సీట్ల లెక్క

మ్యాపు మీద శంషాబాద్ నుంచి బళ్లారి దగ్గరి విద్యానగర్ దాకా స్కేలు పెట్టి గీత గీస్తే అది మహబూబ్‌నగర్ నెత్తి మీదుగా పోతుంది. కడపకు గీస్తే కల్వకుర్తి మీదుగా వెళ్లి నల్లమల దాటుతుంది. రెండు గీతల పొడవూ దాదాపు 300 కిలోమీటర్లే. కొన్నేళ్లపాటు ఈ దారుల్లో ట్రూజెట్ అనే హైదరాబాద్ కంపెనీ విమానాలు తిరిగాయి. రెక్కలు వీపు మీద మోసుకుని, రెండు ప్రొపెల్లర్లు తిప్పుకుంటూ, జెట్లతో పోలిస్తే తక్కువ ఎత్తులో పోయే విమానాలవి. పేరు ఏటీఆర్ 72. తల పైకెత్తి చూసే పాలమూరు మనిషి అడిగేది ఒకటే: "గిది మన దిక్కు దిగదా అన్నా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అసలు ఈ విమానం ఎందుకు ఇలా ఉంటుందో, దీన్నే ఎందుకు కొంటారో ముందు చూడాలి. విమానయాన కంపెనీ తన చేతిలో ఉంచుకోగలిగింది చాలా తక్కువ. కిరోసిన్ ధర దాని చేతిలో లేదు, డాలరు రేటు లేదు, ఎండ లేదు, వాన లేదు, ప్రభుత్వ నిబంధన అంతకన్నా లేదు. ఇన్ని వైపుల నుంచి ఒత్తిడి వస్తుంటే ఆ ఒత్తిళ్ల మధ్య మిగిలిన సందులో సరిగ్గా పట్టేలా విమానాన్ని, దారిని, టైంటేబుల్‌ను చెక్కుకోవడమే దాని పనితనం. డెబ్బై రెండు సీట్ల ఏటీఆర్ చుట్టూ అల్లిన వ్యాపారం నాకు అలాంటి చెక్కుడు పనిలాగే కనిపిస్తుంది.

మొదట బరువు సంగతి. ఏటీఆర్ నిండా ఎక్కినా 23 టన్నులు దాటదు. మన దేశంలో విమాన ఇంధనం జీఎస్టీలోకి రాలేదు. ఏ రాష్ట్రం అమ్మకపు పన్ను ఆ రాష్ట్రానిదే. కొన్నిచోట్ల అది పాతిక శాతం దాకా పోయిన సందర్భాలున్నాయి. కానీ 40,000 కిలోలకు లోపు బరువుండే షెడ్యూల్డ్ విమానాలకు అమ్మే ఇంధనాన్ని కేంద్ర అమ్మకపు పన్ను చట్టం ప్రత్యేక జాబితాలో చేర్చింది. దాని మీద రాష్ట్రాలు నాలుగైదు శాతానికి మించి వేయడానికి లేదు. ఎయిర్‌బస్ ఏ320 బరువు 75 టన్నుల పైమాటే కాబట్టి దానికి ఈ తలుపు మూసి ఉంటుంది. కంపెనీ ఖర్చులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా ఇంధనానిదే అయినప్పుడు ఈ గీతకు ఏ వైపున ఉన్నామన్నది చిన్న విషయం కాదు.

తరువాత సీట్లు. దేశీయ సర్వీసుల్లో 80 సీట్లకు తక్కువున్న విమానాలకు ల్యాండింగ్ చార్జీ మినహాయించారు. ఏటీఆర్‌కు 72 సీట్లు. స్పైస్‌జెట్ 2011లో హైదరాబాద్ కేంద్రంగా తెచ్చిన క్యూ400 ప్రొపెల్లర్ విమానాల్లో 78 సీట్లుండేవి. ఎనభైకి రెండు తక్కువ! విమానం ఐరోపాలోనో కెనడాలోనో తయారవుతుంది గానీ, దాన్ని ఇక్కడ ఎంచుకునే చెయ్యి ఢిల్లీలో రాసిన ఒక ఉత్తర్వును తడుముకుంటూ ఎంచుకుంటుంది.

ఇక ఎండ. మే నెలలో మహబూబ్‌నగర్, నల్లగొండ ఎండల గురించి ఇక్కడివాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. విమానానికి మాత్రం ఎండంటే పలచబడిన గాలి. రెక్కకు ఎత్తు ఇచ్చేదీ, ప్రొపెల్లర్ పట్టుకుని వెనక్కి తోసేదీ, ఇంజను మింగేదీ ఆ గాలే. శంషాబాద్ రన్‌వే సముద్ర మట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. 40 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి దాదాపు 5,500 అడుగుల కొండ మీది గాలంత పలచగా ఉంటుంది. శంషాబాద్‌లో రన్‌వే నాలుగు కిలోమీటర్లకు పైగా ఉంది కనుక ఫరవాలేదు. కడప లాంటి చోట రెండు వేల మీటర్లతోనే సర్దుకోవాలి. మామూలు వాతావరణంలో ఏటీఆర్‌కు టేకాఫ్‌కు సుమారు 1,300 మీటర్లు చాలు. ఎండ ఆ దూరాన్ని పెంచుతుంది. అయినా రెండు వేల లోపల పని అయిపోయే అవకాశం మిగులుతుంది. మరీ మండే రోజున నాలుగు సీట్లు ఖాళీగా వదిలేయాలి, లేదా బరువైన ట్రిప్పును తెల్లవారుజాముకు జరపాలి. అందుకే వేసవి టైంటేబుల్ రాసేవాడు ఉష్ణోగ్రతల పట్టిక పక్కన పెట్టుకుని రాస్తాడు.

ఈ ఎండ కోసమే ఇంజను కూడా మారింది. మొదటి ఏటీఆర్ 72లు వేడి ప్రాంతాల్లోనూ ఎత్తైన చోట్లా ఆయాసపడేవి. తరువాతి రకాలకు ప్రాట్ అండ్ విట్నీ కెనడా వారి పీడబ్ల్యూ127 ఇంజను బిగించారు. ఆ తరువాతి 500 రకంలో నాలుగు రెక్కల ప్రొపెల్లర్ స్థానంలో ఆరు రెక్కలది వచ్చింది.

ఆ ఇంజను లోపలికి కొంచెం తొంగి చూడాలి, ఎందుకంటే ఈ విమానంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం అక్కడే ఉంది. అందులో ఒకదాని లోపల ఒకటిగా మూడు ఇరుసులు తిరుగుతుంటాయి. రెండు ఇరుసులు గాలిని రెండు దశల్లో నొక్కే కంప్రెసర్లవి. ఆ నొక్కిన గాలిలో కిరోసిన్ మండి, వేడి వాయువు టర్బైన్లను తిప్పుతూ బయటికి పోతుంది. పోయేముందు చివర ఉన్న మరో టర్బైన్‌ను తిప్పుతుంది. మూడో ఇరుసు దానిది. ఈ చివరి టర్బైన్‌కు ముందరి రెండింటితో ఏ పంటి చక్రం ముడీ లేదు, మధ్యలో ఉన్నది గాలి మాత్రమే. నడుస్తున్న టేబుల్ ఫ్యాను ఎదుట ఆపిన ఫ్యాను పెడితే అది తనంతట తిరుగుతుంది చూడండి, అలాంటిదే. చివరి టర్బైన్ నిమిషానికి దాదాపు 20,000 చుట్లు తిరిగితే గేర్‌బాక్స్ దాన్ని 1,200 చుట్లకు దించి ప్రొపెల్లర్‌కు అందిస్తుంది.

ముడి లేదు కాబట్టి ఒక వెసులుబాటు పుట్టింది. ముందరి ఫ్యాను నడుస్తుండగానే ఎదుటి ఫ్యానును చేత్తో పట్టి ఆపవచ్చు కదా. ఏటీఆర్ కుడి ఇంజనుకు అచ్చం అలాంటి చెయ్యి ఉంది. దాని పేరు ప్రొపెల్లర్ బ్రేక్. విమానం ఆగాక బ్రేక్ వేస్తే ప్రొపెల్లర్ కదలదు, లోపలి ఇంజను మాత్రం నడుస్తూ కరెంటునూ చల్లగాలినీ ఇస్తుంటుంది. దీన్ని హోటల్ మోడ్ అంటారు. పెద్ద జెట్లకు నేల మీద కరెంటు కోసం తోకలో ఇంకో చిన్న ఇంజను ఉంటుంది. దాని బరువును, మరమ్మతును, దాని ఖరీదును ఏటీఆర్ ఈ ఒక్క బ్రేక్‌తో తప్పించుకుంది. దీనికీ ఒక షరతుంది. తోక వైపు నుంచి గాలి గట్టిగా వీస్తే ఇంజను వదిలే వేడి మళ్లీ దాని మీదికే వస్తుంది, అప్పుడు హోటల్ మోడ్ వాడకూడదు. కాబట్టి విమానాన్ని ఎటు ముఖం పెట్టి నిలపాలన్నది గాలిని బట్టి చూసుకోవాలి.

మిగతా శరీరం కూడా ఇదే తెలివితో కట్టింది. ప్రయాణికుల తలుపు తోక దగ్గర ఎడమ వైపున ఉంటుంది. తలుపు కిందికి తెరుచుకుంటే దాని లోపలి ముఖమే మెట్లు. నిచ్చెన బండి అక్కర్లేదు, ఏరోబ్రిడ్జి అసలే అక్కర్లేదు. సామాను ముందు భాగంలో, కాక్‌పిట్ వెనుక పెడతారు. రెక్క పైన ఉండటం వల్ల దాదాపు నాలుగు మీటర్ల వ్యాసమున్న ప్రొపెల్లర్‌కు నేలకూ మధ్య కావలసినంత ఎడం దొరుకుతుంది. ఎక్కే జనమంతా తోక దగ్గర గుమిగూడితే విమానం వెనక్కి ఒరిగే ప్రమాదం ఉంది గనుక తోక కింద ఒక ఊతకర్ర లాంటి స్టాండు పెడతారు. దాన్ని తీశాకే విమానం కదలాలి. నిచ్చెన, కరెంటు బండి, బ్రిడ్జి ఏవీ లేని ఊళ్లో కూడా పాతిక నిమిషాల్లో జనాన్ని దింపి, ఎక్కించుకుని వెళ్లిపోవచ్చు. చిన్న ఊరి పేదరికాన్ని లెక్కలో వేసుకుని గీసిన విమానం ఇది.

ఇంధనం నింపుకోవడంలోనూ ఒక ఎత్తు ఉంది. చిన్న విమానాశ్రయాల్లో చాలాచోట్ల ఇంధనమే దొరకదు, దొరికిన చోట పన్ను ఒక్కోలా ఉంటుంది. ఏటీఆర్ ట్యాంకుల్లో 5,000 కిలోలు పడుతుంది. గంటకు తాగేది ఏడెనిమిది వందల కిలోలు. ఏ320 తాగేదాంట్లో ఇది మూడో వంతు. కాబట్టి రానూపోనూ ఇంధనంతోపాటు, వాన అడ్డొస్తే వేరే ఊరికి మళ్లడానికి కావలసిందీ బయలుదేరే చోటే నింపుకోవచ్చు. చవకగా ఉన్నచోట నింపి ఖరీదైన చోట ముట్టకపోవడాన్ని ట్యాంకరింగ్ అంటారు. మోసుకెళ్లే అదనపు బరువు కూడా కొంత ఇంధనం తాగేస్తుంది. ఎంత దూరం వరకు ఇది లాభమో ప్రతి దారికీ లెక్క కడతారు. మూడు వందల కిలోమీటర్ల దారి ఈ ఎత్తుగడకు బాగా అనువైనది.

ఇప్పుడు విమానాన్ని టైంటేబుల్‌లో పెట్టి చూద్దాం. హైదరాబాద్ నుంచి మూడు వందల కిలోమీటర్ల ఊరికి తలుపు మూసిన దగ్గర్నుంచి తెరిచేదాకా గంటా అయిదు నిమిషాలనుకుందాం, నేల మీద పాతిక నిమిషాలు. అంటే ఒక్కో ట్రిప్పు గంటన్నర. పొద్దున ఆరున్నరకు మొదలుపెడితే సాయంత్రం ఆరున్నరకు ఎనిమిది ట్రిప్పులు, అంటే రానూపోనూ నాలుగు ఊళ్లు. కాగితం మీద ముచ్చటగా ఉంది. కానీ పరికరాల సాయం లేని చిన్న విమానాశ్రయాల్లో కంటితో చూసి దిగాలి. దానికి 5 కిలోమీటర్ల దూరం కనపడాలి, పగలై ఉండాలి. డిసెంబరు పొగమంచులో మొదటి ట్రిప్పు ఆలస్యమైతే ఆ ఆలస్యం పూసల దండలా చివరి ట్రిప్పు దాకా పాకుతుంది, అక్కడ సూర్యాస్తమయం అడ్డు నిలబడుతుంది. అందుకని లైట్లూ పరికరాలూ ఉన్న ఊళ్లను రెండు కొసలకూ, లేని ఊళ్లను మధ్యాహ్నానికీ పెట్టాలి. మధ్యాహ్నం పెడితే ఎండ బరువు తగ్గించమంటుంది. జూన్ నుంచి ఉరుముల మేఘాలు లేస్తాయి. ఏటీఆర్ 25,000 అడుగులకు మించి ఎక్కలేదు, వాటి పైనుంచి దూకడం కుదరదు. పక్కకు తిరిగి పోవాలి, ఆ పది నిమిషాలు ముందే టైంటేబుల్‌లో దాచి పెట్టాలి.

పైలట్ల సంగతీ అంతే. రోజులో ఎంత ఎక్కువసార్లు దిగితే పని గంటల పరిమితి అంత కురుచవుతుంది, ఎనిమిది ట్రిప్పులూ ఒకే జత చేయలేరు. నాలుగు కాగానే జత మారాలి. మారాలంటే ఆ సమయానికి విమానం శంషాబాద్‌లోనే ఉండాలి. అందుకే ఈ దారులన్నీ హైదరాబాద్ నుంచి ఆకుల్లా విచ్చుకుని మళ్లీ హైదరాబాద్‌కే వస్తాయి. ఈ నిబంధన ఎంత బలమైనదో 2025 డిసెంబరులో అందరూ చూశారు. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ముందుగా తెలిసిన మార్పే అయినా తగినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో వేల సర్వీసులు రద్దు చేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకి ఆ గతి పట్టిందంటే, టైంటేబుల్‌లో వదిలిన కొద్దిపాటి సందు విలువ ఏమిటో తెలుస్తుంది.

ఇంత చేసినా టికెట్ల డబ్బుతో లెక్క తేలదు. ఒక ట్రిప్పుకు సుమారు 800 లీటర్లు పోతుంది. లీటరు వంద రూపాయలనుకుంటే 80,000. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్రం వారి ఉడాన్ పథకంలో గంట ప్రయాణానికి మొదట పెట్టిన టికెట్ పరిమితి 2,500 రూపాయలు. సగం సీట్లు ఆ ధరకు అమ్మాలి. 72లో సగం 36, వచ్చేది 90,000. అంటే సగం విమానం కట్టిన డబ్బు ఇంధనానికే సరి. విమానం అద్దె డాలర్లలో, ఇంజను మరమ్మతు డాలర్లలో, పైలట్ల జీతాలు, మిగతావన్నీ రెండో సగం మోయాలి. అక్కడ మిగిలే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం పూడుస్తుంది. కేంద్రం వాటా 80 శాతం, రాష్ట్రానిది 20. ఎవరు తక్కువ అడిగితే వారికే ఆ దారి, మూడేళ్లు ఇంకెవరూ ఆ దారిలోకి రారు. ఆ విమానాశ్రయాల్లో ఇంధనంపై రాష్ట్ర పన్ను ఒక శాతానికి మించదు. లోటు పూడ్చే డబ్బు పెద్ద నగరాల మధ్య తిరిగే సర్వీసుల మీద వేసిన సుంకం నుంచి వస్తుంది. ఢిల్లీ–ముంబై జెట్ ప్రతిసారీ ఎగురుతూ కడప ప్రయాణికుడి టికెట్‌లో కాస్త కట్టిపోతుందన్నమాట. పథకాల రచనలో ఇంత పొందికైన ముడి తరచుగా కనపడదు.

2015 జులైలో హైదరాబాద్–తిరుపతితో మొదలైన ట్రూజెట్‌కు ఈ ముడి సరిగ్గా సరిపోయింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ తొలి సర్వీసులకు ప్రధాని జెండా ఊపినప్పుడు సిమ్లా–ఢిల్లీ సర్వీసుతోపాటు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ ఉన్నాయి. ఆ రెండూ ట్రూజెట్‌వే. అదే ఏడాది డిసెంబరులో ఇండిగో కూడా తన మొదటి ఏటీఆర్‌ను హైదరాబాద్ నుంచే నడిపింది.

చెక్కిన ప్రతిదీ నిలవదు. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశమంతా విమానాలు ఆగాయి. విమానం ఆగినా డాలర్ల అద్దె ఆగదు. మే 25న మళ్లీ ఎగిరినప్పుడు సర్వీసుల్లో మూడో వంతుకే అనుమతి, టికెట్ ధరకు కిందా పైనా ప్రభుత్వ హద్దులు. ఆ హద్దులు 2022 ఆగస్టు చివరి దాకా ఉన్నాయి. ట్రూజెట్ అంతదాకా రాలేదు, ఆ ఫిబ్రవరిలోనే దాని సర్వీసులు నిలిచిపోయాయి. హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. నిజాం ప్రభుత్వం 71 శాతం, టాటాలు 29 శాతం వాటాలతో 1945లో బేగంపేట కేంద్రంగా పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్‌ను 1953 జాతీయీకరణ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేసింది.

ఇప్పుడు పాలమూరు అన్న ప్రశ్నకు వద్దాం. కడప హైదరాబాద్‌కు రోడ్డు మీద 400 కిలోమీటర్ల పైచిలుకు. రాత్రంతా బస్సు. విమానం గంట. అక్కడ ఏటీఆర్ గెలుస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్‌కు గీత పొడవు 70 కిలోమీటర్లు. బెంగళూరు హైవే మీద జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే విమానాశ్రయమే. జిల్లాల విభజనకు ముందు షాద్‌నగర్, కొత్తూరు మహబూబ్‌నగర్ జిల్లాలోవే కనుక విమానాశ్రయం ఆ జిల్లా గుమ్మంలో ఉన్నట్టే లెక్క. నల్లగొండ 90 కిలోమీటర్లు, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక నగరంలో చిక్కుకోకుండా చేరుకోవచ్చు. ఈ దూరానికి విమానం కారుతో పోటీ పడలేదు. దానికి తోడు 2008 మార్చిలో తెరుచుకున్న శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలో, చుట్టూ 150 కిలోమీటర్లలో పాతికేళ్లపాటు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతుంది. వరంగల్ మామునూరుకు ఆ షరతును శంషాబాద్‌ను నడిపే జీఎంఆర్ కంపెనీ సడలించాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. నాగార్జునసాగర్ దగ్గర పాత రన్‌వే ఒకటుంది, అక్కడ ఎగిరేవి పైలట్ శిక్షణకు వాడే చిన్న విమానాలు. గద్వాల, అలంపూర్ వాళ్లకు తుంగభద్ర అవతల ఓర్వకల్లులో 2021 మార్చి నుంచి కర్నూలు విమానాశ్రయం ఉంది. అది శంషాబాద్ నుంచి 170 కిలోమీటర్లు, ఆ 150 కిలోమీటర్ల హద్దుకు బయట.

దేవరకద్ర వైపు, అడ్డాకల్ మండలం గుడిబండ దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన రాష్ట్రం జాబితాలో ఏళ్లుగా ఉంది. ఎప్పుడైనా దాన్ని కడితే అక్కడి నుంచి హైదరాబాద్‌కు సర్వీసు పెట్టాలనుకోవడం తెలివితక్కువ పనే అవుతుంది. పాలమూరు మనిషి ఎక్కడికి పోతున్నాడో నారాయణపేట, మక్తల్, కోస్గి బస్టాండ్లను అడిగితే తెలుస్తుంది: ముంబైకి. బస్సులో ఒక రాత్రీ మరుసటి పూటా. గీత గీస్తే 600 కిలోమీటర్లు, ఏటీఆర్‌కు గంటన్నర, ఇంధనం 1,100 కిలోల చుట్టూ. బరువు, సీట్లు, రన్‌వే, దూరం అన్నీ ఈ విమానానికి అచ్చంగా సరిపోతాయి. సరిపోనిది ఒకటే: ఆ బస్సుల్లో పోయేవాళ్లు భార్యాపిల్లలతో కలిసి పనికి వలస పోయే కూలీలు, నలుగురికి నాలుగు టికెట్లు పరిమితి ధరకు కొన్నా పదివేలు దాటుతుంది. కాబట్టి సగం సీట్లు వాళ్లకు అందే ధరలో పెట్టి, మిగతా సగం జడ్చర్ల పారిశ్రామికవాడ వ్యాపారులకూ ముంబైలో స్థిరపడ్డ మేస్త్రీలకూ అమ్మి, వారానికి మూడు రోజులు మాత్రమే నడిపితే లెక్క కుదురుతుందేమో ఎవరైనా కూర్చుని వేయాలి. పండగలకు ఇంటికి వచ్చే రోజుల్లో రోజూ నడపాలి.